రన్నింగ్ రూంలో నిద్రపోయినవాడి మాట

రైల్వేలో రన్నింగ్ రూం అని ఒకటుంటుంది. పేరు విని పరిగెత్తే గది అనుకునేరు. డ్రైవర్లు, గార్డులు ఒక బండి దిగి తిరుగు బండి ఎక్కేలోపు నడుం వాల్చే చోటు అది. ఇనప మంచాలు, దోమతెరలు, ఒక వంటవాడు. బియ్యం, పప్పు, కూరగాయలు మనం పట్టుకెళ్లి ఇస్తే వండిపెట్టేవాడు. ఏ అర్ధరాత్రో డ్యూటీకి లేపే కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టి, కాల్ బుక్కులో సంతకం పెట్టించుకుని పోయేవాడు. సంతకం పెట్టాక మళ్లీ కన్నంటుకుంటే ఆ పాపం నీదే. రైల్వేవాళ్ల ఆస్తి మొత్తంలో అంత కదలకుండా పడి ఉండేది ఇంకోటి లేదు, దానికి పెట్టిన పేరేమో రన్నింగ్.

నేను గూడ్సు గార్డుగా చేరి, పాసింజర్లు, మెయిళ్లు చూసి, ఈ విజయనగరంలోనే రిటైరయ్యాను. మమ్మల్ని రన్నింగ్ స్టాఫ్ అంటారు. కిలోమీటర్ల లెక్కన వచ్చే డబ్బు రన్నింగ్ అలవెన్సు. బండ్లు వచ్చీపోయే లైను రన్నింగ్ లైను, పెట్టెలు ఊరికే నిలబెట్టి ఉంచేది సైడింగు. స్టేషన్లో ఆగకుండా పోతే రన్ త్రూ. అప్పుడు ప్లాట్‌ఫారం మీద స్టేషన్ మాస్టరు, బ్రేక్ వ్యాన్లోంచి (గార్డు ఉండే చివరి పెట్టె) నేను పచ్చజెండాలు చూపించుకుని, అంతా బాగానే ఉందని ఒకరికొకరం చెప్పుకోవాలి. పట్టాల మీద మనిషి పోతే రన్ ఓవర్. బండి ఆలస్యమైతే రన్నింగ్ లేట్. ఈ ఒక్క మాట తీసేస్తే నా జర్నల్లో సగం పేజీలు తెల్లగా మిగిలిపోతాయి.

అందుకే మా మనవరాలు (ఎనిమిదో తరగతి) ఒక కాయితం పట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేస్తుంటే నా చెవి అటు పడింది. "రన్ అంటే పరిగెత్తుట, రన్ అంటే ప్రవహించుట, రన్ అంటే నిర్వహించుట, రన్ అంటే పోటీచేయుట..." బళ్లో ఇచ్చిన కాయితం. సంధ్యావందనంలా సాగిపోతోంది. మధ్యలో ఆపి, "నిర్వహించుట అంటే ఏటమ్మా?" అన్నాను. "అంటే రన్, తాతయ్యా" అంది. తెలుగు తెలియక ఇంగ్లీషులో చెప్తోంది. ఇంగ్లీషు నేర్చుకోడానికి ఇచ్చిన కాయితం అది.

అలా బట్టీ పడితే ఎంతకని పడుతుంది? ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో ముద్రణ 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా పొడవైన పద్దు సెట్ అనే క్రియది, 430 అర్థాలు. తర్వాత వాళ్లు నిఘంటువుని మొదటినుంచీ తిరగరాస్తూ రన్ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తారుమారైపోయింది. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క క్రియ ముందేసుకుని 9 నెలలు కూర్చున్నాడు. తేలినవి 645 అర్థాలు. ఈ సంగతి 2011లో పత్రికల్లో వచ్చినప్పుడు నాకు ఆశ్చర్యం కంటే గర్వమే ఎక్కువ కలిగింది. ఆ మాట అంత లావెక్కడంలో మావాళ్ల చెయ్యి ఉంది మరి. గుర్రపు బగ్గీల రోజుల్లోనూ ఇంగ్లీషువాడు బండి రన్ అవుతుందనేవాడు గానీ, ఆవిరి ఇంజను, మగ్గం, మోటారు, రైలు, చివరికి కంప్యూటరు ఒకదాని వెనక ఒకటి వచ్చి, తమకు వేరే మాట పుట్టించుకోకుండా అన్నీ ఈ రన్ మెడకే వేలాడాయి.

కానీ యంత్రాలు రాకముందే ఆ మాట కడుపులో రెండు మాటలున్నాయి. నాకు ఇదే ఎక్కువ నచ్చిన విషయం. పాత ఇంగ్లీషులో తనంతట తాను పరిగెత్తడానికి ఒక క్రియ, ఇంకోదాన్ని పరిగెత్తించడానికి వేరే క్రియ ఉండేవి. కాలం గడిచేకొద్దీ రెండూ నోట్లో అరిగి ఒకటైపోయాయి. అందుకే ఇప్పుడు వాడు నది రన్ అయ్యిందన్నా, హోటలు రన్ చేశానన్నా మాట మారదు. మనకి ఆ గొడవ లేదు. బండి ఆగుతుంది, నేను ఆపుతాను. ఫ్యాను తిరుగుతుంది, నేను తిప్పుతాను. కొట్టు నడుస్తుంది, నేను నడుపుతాను. నీరు పారుతుంది, రైతు పారిస్తాడు. పని దానంతటదే అయ్యిందా, ఎవరైనా చేయించారా అన్నది మాట చివర్లోనే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ ఏర్పాటుకి గుర్తుగా కొన్ని జంటలు ఇంకా మిగిలాయి: ఫాల్ అంటే పడు, ఫెల్ అంటే పడగొట్టు, సిట్ అంటే కూర్చో, సెట్ అంటే కూర్చోబెట్టు. అంటే మొన్నమొన్నటిదాకా పొడవులో మొదటి స్థానంలో ఉన్న సెట్టుకి జోడీ ఇంకా బతికి ఉంది. రన్ మాత్రం తన జోడీని మింగేసి, ఆ బలంతో సెట్టుని దాటింది.

ఇదంతా చెప్పి, "కాయితం పక్కన పెట్టు, రోజూ కనిపించేవి చూద్దాం పద" అన్నాను.

మనం కదిలేదాన్ని బట్టి మాట ఎంచుకుంటాం. ఏం కదులుతోంది, ఎలా కదులుతోంది అని ముందు చూస్తాం. నాగావళి పారుతుంది. ముక్కు కారుతుంది. ఫ్యాను తిరుగుతుంది. బెల్లం గానుగ ఆడుతుంది, పిండిమరలో పిండి ఆడిస్తాం, సినిమా వంద రోజులు ఆడుతుంది. కొత్త చీర ఉతికితే రంగు దిగుతుంది. జ్వరం కాస్తుంది, ఎండ ఎలా కాస్తుందో, చెట్టు కాయలెలా కాస్తుందో అలాగే. ఇంగ్లీషువాడికి ఇవన్నీ రన్నే. ఆగకుండా సాగుతోందా లేదా అన్నదొక్కటే వాడికి కావాలి. ఎలా సాగుతోందో నీకే తెలుసుకదా అన్నట్టు వదిలేస్తాడు.

మా రైలు సంగతి మరీ విచిత్రం. ఇంగ్లీషులో ఎంత నత్తనడక నడిచినా ఆ బండి రన్ అవుతున్నట్టే లెక్క. తెలుగులో ఎంత వేగంగా పోయినా నడుస్తున్నట్టే. "ఈవేళ విశాఖ బండి నడుస్తోందా అండీ?" అని అడుగుతారు, పరిగెడుతోందా అని ఎవరూ అడగరు. పొందూరు దాటి దూసి వైపు మెయిలు ఈడ్చుకుపోతున్నప్పుడు బ్రేక్ వ్యాన్ కిటికీలోంచి చూస్తే స్తంభాలే పరిగెడుతున్నట్టుండేది. అయినా మా ఆవిడ భాషలో అది నడుస్తున్న బండే. కదిలే బండిని ఎవరైనా ఎక్కబోతే మాత్రం ప్లాట్‌ఫారమంతా ఒక్క గొంతుతో "రన్నింగ్‌లో ఎక్కకండీ" అని కేకేస్తుంది. ప్రమాదం ఉన్నచోట మనకి ఇంగ్లీషే బేగి నోటికొస్తుందేమో.

ఇంక బండిని నడిపేదెవరు? చిన్నదానికి ఇదొక చిక్కుముడి. "నువ్వు గార్డువి కదా తాతయ్యా, నడిపింది డ్రైవరు కదా?" అంది. చాలామంది అనుకునేది అదే. ఇంజను చేతిలో ఉండేది డ్రైవరుకి. కానీ రూలు పుస్తకం ప్రకారం బండికి బాధ్యుడు గార్డు. బండి ఎక్కడ ఎంతసేపు ఆగింది, ఎందుకాగింది, వెనక లాస్ట్ వెహికల్ బోర్డు ఉందా, బ్రేక్ గొట్టంలో గాలి ఎంతుంది, దారిలో ఆగిపోతే వెనక నుంచి ఇంకో బండి వచ్చి గుద్దకుండా పట్టాల మీద డిటోనేటర్లు (చక్రం కింద పేలి హెచ్చరించేవి) పెట్టారా అన్నవి గార్డు మెడకి చుట్టుకునే సంగతులు. ఇంగ్లీషులో డ్రైవరు డ్రైవ్ చేస్తాడు, గార్డు రన్ చేస్తాడు. 2022లో గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నప్పుడు మావాళ్లు కొందరు నవ్వారు గానీ, రూలు పుస్తకం మొదటినుంచీ చెప్పింది ఆ మాటే. తెలుగులో మాత్రం ఎడ్లబండిని తోలేవాడు, రైలుని నడిపేవాడు అన్నాక మూడో మనిషికి క్రియ మిగల్లేదు. గార్డు అంటే చివరిపెట్టెలో కూర్చుని జెండా ఊపేవాడు, అంతే.

"అయితే నువ్వు ట్రైన్ని రన్ చేశావు, డ్రైవ్ చెయ్యలేదు" అని కాయితం వెనక రాసుకుంది. ఆ ఒక్క వాక్యంతో నిర్వహించుట అన్నది దానికి శాశ్వతంగా పట్టుబడిపోయింది.

రన్ ఓవర్ గురించి దానికి చెప్పలేదు. ఇక్కడ చెప్తాను. మనిషి పట్టాల మీద పోతే బండి ఆపి, దిగి, వెనక్కి నడిచి వెళ్లి చూడాలి. చూసి మెమో రాసి స్టేషన్ మాస్టరుకివ్వాలి. మెమోలో రన్ ఓవర్ అనే రాస్తాం. ఆ ఇంగ్లీషులో కర్త బండి: బండే మనిషి మీదనుంచి పోయింది. అదే రాత్రి ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే నా నోట వచ్చే మాట, "ఒకడు బండి కింద పడ్డాడు." తెలుగులో కర్త ఆ మనిషి. జారిపడ్డాడో, కావాలని పడ్డాడో, లైను దాటుతూ చూసుకోలేదో, పడడం మాత్రం వాడి పనే. బస్సూ లారీ అయితే మనం అలా అనం, "లారీ గుద్దీసింది" అంటాం, లారీ మీద కోపం తెచ్చుకుంటాం. రైలు మీద ఎవరికీ కోపం రాదు. పట్టా వదిలి పక్కకి రావడం దానివల్ల కాదని అందరికీ తెలుసు కాబట్టేమో. కానీ మెమోలో రాసిన మాటే నాకు ఎక్కువ సరైనదిగా అనిపించేది. ఆ మనిషి ఏ ఉద్దేశంతో వచ్చాడో తెలియదు. ఆ రాత్రి నాకు తెలిసింది బండి ఏం చేసిందో అదొక్కటే.

గుద్దీసింది అంటే గుర్తొచ్చింది. రన్ వెనక ఓవర్, అవుట్, అవే, ఇన్‌టు లాంటి చిన్నచిన్న ముక్కలు చేరి అర్థం తిప్పేస్తుంటాయని పిల్లలు బెంబేలెత్తిపోతారు. మన వైపు పిల్లలకి అది కొత్త కాకూడదు. మనమూ క్రియ వెనక ఇంకో చిన్న క్రియ తగిలిస్తాం. ఉత్తరాంధ్రలో అయితే తగిలించని వాక్యమే ఉండదు: తినీసాడు, వచ్చీసాడు, సెప్పీసినాను, ఒగ్గీసినారు. తిన్నాడు అంటే తిన్నాడు. తినీసాడు అంటే కంచంలో ఇంకేం మిగల్లేదు. ఇంగ్లీషులో ఈట్ పక్కన అప్ పెడితే వచ్చేదీ అదే. పాలు "అయిపోనాయి" అన్నప్పుడు ఆ పోవడం ఎక్కడికీ వెళ్లడం కాదు, రన్ పక్కన చేరిన అవుట్ ఎటూ బయటకి కానట్టే. మన యాస మోటు అని మా చిన్నదానికి సిగ్గు నేర్పుతున్నారు గానీ, ఇంగ్లీషు క్రియల్లో కష్టమైన మలుపుని ఈ ఈసీలూ పోనాదులూ పుట్టినప్పటినుంచీ దానికి నేర్పే ఉంచాయి.

చిన్నది ఊరుకోదు కదా. "అయితే తెలుగులో రన్ లాంటిది ఒక్కటీ లేదా?" అంది.

ఉంది. పారు. ఇప్పుడు మనకి నీరు మాత్రమే పారుతుందనిపిస్తుంది. కానీ దొంగ పారిపోతాడు కదా. పాత తెలుగులో ఈ మాటని బండి ఱ తో పాఱు అని రాసేవారు, దానికి పరిగెత్తడం అనే అర్థం కూడా ఉంది. (అక్షరం పేరు బండి ఱ అయినందుకు మా శాఖవాళ్లు పొంగిపోనక్కర్లేదు, అది శకటరేఫం, ఎడ్లబండి.) ఏరు పారుతుంది, రన్ అవుతుంది. దొంగ పారిపోతాడు, రన్ అవే. వాడి పాచిక పారలేదు, అంటే ఎత్తు సాగలేదు. చేతిలోంచి దొర్లిన పాచికా పరిగెత్తేదే మరి. చెత్త పారేస్తాం. పెళ్లిపందిట్లో ఎవడో నోరు పారేసుకుంటాడు. ఇంత పెద్ద కుటుంబం పెట్టుకుని, దాన్ని నీటిపారుదల శాఖకి అప్పగించి మనం పరుగులూ ప్రవాహాలూ వెతుక్కుంటున్నాం. శివారు భూములవాళ్లకి మాత్రం ఆ మాట ఇంకా నిండుగానే ఉంది. కాలవ తవ్వారంటే సరిపోదు, నీళ్లు వదిలారన్నా సరిపోదు, "పారిందా?" అని అడుగుతారు. కాలవ చివరి పొలందాకా వచ్చిందా అని.

వాళ్ల కాయితంలో పోటీచేయుట ఒకటుంది. దాని దగ్గర నాకు నవ్వొచ్చింది. అమెరికాలో ఎలక్షన్లకి రన్ అవుతారు. బ్రిటన్లో అదే పనికి స్టాండ్ అంటారు. మనవాళ్లు కూడా ఎలక్షన్లో నిలబడతారు. నిలబడ్డవాడి వెనక ఊళ్లోవాళ్లే పరిగెడతారు.

క్రికెట్ పరుగు సంగతి కూడా అడిగింది. అది నామవాచకం, కాయితంలో లేదు, అయినా విజయనగరంలో ఉంటూ దాటేస్తే బాగోదు. మొదటి రోజుల్లో ఇంగ్లండులో పరుగులు లెక్కపెట్టడానికి కర్ర మీద గాటు పెట్టేవారట, అందుకని పరుగుని నాచ్ అనేవారు. మన కోటవారి విజ్జీ (విజయనగరం మహారాజకుమారుడు) 1936లో భారత జట్టుకి కెప్టెనై ఇంగ్లండు వెళ్లి 3 టెస్టులాడి 33 పరుగులు చేశాడు. దాన్ని కర్ర మీద గీసినా పెద్ద కర్ర అక్కర్లేదు.

అది నవ్వలేదు. విజ్జీ ఎవరో దానికి తెలియదు.

ఇంకో తమాషా మా అల్లుడు చెప్పాడు. వాళ్ల ఆఫీసులో పని అసలుకి ముందు ఉత్తినే ఒకసారి చేసి చూడడాన్ని డ్రై రన్ అంటారట, మంచి అలవాటట. మా తోటలో బోరు మోటారు డ్రై రన్ అయితే కాయిల్ మాడిపోతుంది, బాగుచేయించడానికి వేలు వదులుతాయి. నీళ్లు లేకుండా తిరగడమే మోటారుకి ప్రాణం మీదికి. ఒకే మాట, ఒకచోట జాగ్రత్త, ఇంకోచోట దాని కొరత. ఇలాంటివి ఏ జాబితాలోనూ ఇమడవు. మాట ఎవరి నోట, దేని పక్కన పడిందో చూసుకోవాలి.

మర్నాడు రన్ పెట్టి అయిదు వాక్యాలు రాసుకు రమ్మన్నారు. నాగావళి రన్ అవుతుంది, పలాస పాసింజర్ రన్ అవుతుంది, మా తాతయ్య రైలుని రన్ చేశాడు, పాలు రన్ అవుట్ అయ్యాయి అని నాలుగు చకచకా రాసింది. అయిదోది, మా నాన్నమ్మ ఇంటిని రన్ చేస్తుంది. అది తెలుగులో చదివి వినిపించమంది మా ఆవిడ, వంటింట్లోంచే. "నాన్నమ్మ ఇల్లు నడుపుతుంది" అని చదివింది.

"నడపడమేటే, నానేటి రైలా? ఈడ్చుకొస్తన్నాను. దానికి ఇంగ్లీషులో ఏటంటారో మీ తాతని అడిగి అది రాయి."